లింగన్న తాళం చెవి

2016 మే నెలలో మా విద్యుత్ పంపిణీ సంస్థ నన్ను మూడు నెలల డిప్యుటేషన్ మీద ఒమన్ పంపింది. అప్పటికి నేను ఉప్పుగూడ వైపు ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజినీరును. లైన్ల మీద పనిచేస్తూ మావాళ్లు తరచూ షాక్ తింటున్నారు. అక్కడి భద్రతా పద్ధతి చూసి వచ్చి, పాతబస్తీలో అది నడుస్తుందో లేదో రాసి ఇవ్వమని ఆదేశం. నేను రాసేదాన్ని బట్టే మా లైన్‌మన్‌లకు ఆ పద్ధతి వస్తుంది, లేదా రాదు. నడవదని విమానం ఎక్కకముందే నా అభిప్రాయం.

దిగిన మర్నాడే నా నెత్తిన ఆకుపచ్చ హెల్మెట్ పెట్టారు. అక్కడ కొత్త కూలీలకు ఇచ్చే రంగు అది. వీడికి ఏమీ తెలియదు, ఓ కన్నేసి ఉంచండి అని అందరికీ చాటడమే దాని పని. చార్మినార్ సందుల్లో, చేయి చాపితే బాల్కనీ తగిలే చోట, గాజుల దుకాణాల మీదుగా లైన్లు లాగించినవాణ్ణి నేను! తర్వాత నిచ్చెన ఎక్కడం ఎలాగో వీడియో చూపించారు. ఎండలో నీళ్లు ఎందుకు తాగాలో చెప్పి పరీక్ష కూడా పెట్టారు. పాసయ్యానని ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ ఒకటే నవ్వు. "గంత దూరం వొయ్యి నీళ్లు తాగుడు నేర్సుకున్నరా?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

వారం గడిచాక ఎట్టకేలకు సబ్‌స్టేషన్ చూపించారు. మన దగ్గర లైన్ మీద పని చేయాలంటే ‘లైన్ క్లియర్’ తీసుకోవాలి. సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఆ లైన్‌కు కరెంటు పంపే ఫీడర్ బ్రేకర్ ఆపి, ఆపానని రాసి ఇస్తాడు. పని అయ్యాక లైన్‌మన్ ఆ కాగితం తిరిగి ఇస్తేనే మళ్లీ కరెంటు ఇవ్వాలి. రూల్ అది. సందుల్లో నడిచేది మాత్రం ఫోను. "దిగినవా భాయ్?" "దిగిన అన్నా, ఇచ్చెయ్." అంతే, లైన్‌లో కరెంటు. ఒమన్‌లో అలా కుదరదు. పనికి వెళ్లే ప్రతి మనిషీ బ్రేకర్ మీటకు తన సొంత తాళం వేసి, తాళం చెవి మెడలో వేసుకుని వెళ్తాడు. ఎవరి తాళం వాళ్లే తీయాలి. ఒక్క తాళం మిగిలినా బ్రేకర్ కదలదు.

ఆ రోజు ఒక ఫీడర్‌లో కేబుల్ అతుకు పని మధ్యాహ్నానికే ముగిసింది. పనివాళ్లు వచ్చి తాళాలు తీసుకుపోయారు. ఒక్కటి మిగిలింది. అది లింగన్నది. జగిత్యాల వైపు మనిషి, కేబుళ్లు అతకడంలో చేయి తిరిగినవాడు. తాళం మాట మరిచి, కంపెనీ వ్యాన్ ఎక్కి క్యాంపుకు అన్నానికి వెళ్లిపోయాడని వాచ్‌మన్ చెప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ ఫీడర్ మీద ఒక చిన్న ఆసుపత్రి ఉంది. జనరేటర్ మొరాయిస్తోందని అక్కడి నుంచి ఫోన్ మీద ఫోన్.

తాళం కోసేయమన్నాను. సూపర్‌వైజర్ సలీం ఒమనీ, ఉర్దూ బాగా వచ్చు. లింగన్న అన్నానికి పోవడం నేను చూశానా అని అడిగాడు. వాచ్‌మన్ చూశాడన్నాను. అలాగా అని, ఆసుపత్రికి బండి మీద ఇంకో జనరేటర్ పంపించి, లింగన్న కోసం కారు పంపించి, కుర్చీలో కూర్చున్నాడు. మా పాతబస్తీలో అయితే ఈపాటికి సబ్‌స్టేషన్ గేటు ఊడేదని అరిచాను. అతను నీళ్ల సీసా నా వైపు జరిపాడు.

లింగన్న ఉరుకుతూ వచ్చాడు. "మాఫ్ చెయ్యిన్రి సార్, ఆకలికి యాదిమర్సిన," అంటూ తాళం తీశాడు. కరెంటు వెళ్లింది. ఇంకాసేపు ఆలస్యమైతే నీ తాళం కోయించి పారేసేవాణ్ణని కసిరాను. అంతవరకూ తలొంచుకున్నవాడు చటుక్కున తలెత్తాడు.

"గట్లెట్ల కోస్తరు సార్? నేను కేబుల్ కాడున్ననో లేనో మీకేమెరుక?"

"అన్నానికి పోయినవు గదయ్యా!"

"ఇయ్యాల పోయిన," అన్నాడు.

అతని మాట నిజమేనని నాకు అర్థమైంది. కోపం మాత్రం తగ్గలేదు.

తిరిగి వచ్చి, నడుస్తుందని రాసి ఇచ్చాను. ముందుగా మా సెక్షన్‌కే తాళాలు ఇచ్చారు. ఒక మధ్యాహ్నం యాదగిరి అనే లైన్‌మన్ పని ముగించి, తాళం వదిలేసి చాయ్‌కి పోయాడు. అతను ఉప్పుగూడ స్టేషన్ దగ్గరి హోటల్లో ఉన్నాడని నా డ్రైవర్ చూసి వచ్చి మరీ చెప్పాడు. గేటు దగ్గర జనం. "ఏంది సార్ గీ లొల్లి? కోసెయ్యిన్రి!" అని నన్ను తిట్టని నోరు లేదు. డ్రైవర్‌ని మళ్లీ హోటల్‌కు పంపి, యాదగిరి వచ్చేదాకా బ్రేకర్ ముందే కూర్చున్నాను. వచ్చాక అతన్ని నేనూ తిట్టాను.

నేను రిటైరయ్యేదాకా ఆ తాళాల వల్ల ఎవరి ప్రాణమైనా నిలిచిందా అంటే చెప్పలేను. ప్రాణం విసిగిన రోజులు మాత్రం బోలెడు. అవసరమని తెలిసిన రోజున నియమాన్ని ఎవరైనా పాటిస్తారు. అవసరం లేదని ఖాయంగా తెలిసిన రోజున కూడా దాన్ని పాటించాలి, ఎందుకంటే ఆ ఖాయమే తప్పయ్యే రోజు ఏదో మనకు ముందుగా తెలియదు.