సోంపు తల్లి కొంగులోకే

బోధన్ బస్టాండు వెనక సందులో పొద్దున్నే మోగే ఇనుప రోలు ఖైరున్‌బీది. అరవై దాటిన ఆ మనిషి అరుగు మీద ఒక కాలు చాపుకుని, వేయించిన సోంపును పగ తీర్చుకుంటున్నట్టు దంచుతుంది. కడుపునొప్పితో ఏడ్చే పసిబిడ్డకు సోంపునీళ్లు కాచి ఇస్తుంది. పాలు చాలని బాలింతకు సోంపు పొడిలో బెల్లం కలిపి ఇస్తుంది. మగవాళ్ల చేతికి మాత్రం ఇవ్వదు. పొడి మూట తల్లి కొంగులోనే పెడుతుంది. ఎందుకని అడిగితే రోకలి ఇంకాస్త గట్టిగా పడుతుంది.

ఒకరోజు చెరుకు ట్రాక్టరు నడిపే ప్రభు, నెల బాలింత అయిన భార్య దీవెనను తీసుకొచ్చాడు. ఆమె చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. "దీని పాలే మంచిగ లేవు ఖాలా, పోరి ఏడుపు ఆగుతలేదు" అంటూనే దీవెన మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి, రక్తం బిడ్డ నుదుటి మీద పడింది. కొట్టిన చేతినే అరుగు మీద ఆనించి, తన్నడానికి కాలెత్తాడు. ఖైరున్‌బీ కూర్చున్న చోటి నుంచే ఆ చేతి మీద రోకలి దించింది. ఎముక సోంపు నలిగినంత తేలిగ్గా నలిగింది. అతను కింద పడి అరుస్తుంటే, ఆమె బిడ్డ నుదురు తుడిచి, దీవెన కొంగులో పొడి మూట కట్టింది. "నీ పాలు మంచిగనే ఉన్నయ్ బిడ్డా" అంది.

వారం తర్వాత ప్రభు ఒక్కడే వచ్చాడు. కుడిచేతికి కట్టు. దూరంగా నిలబడి ఎడమచెయ్యి చాపాడు. "పొడి అయిపోయింది ఖాలా."

ఖైరున్‌బీ తలెత్తలేదు. "దీవెనను తోల్కరా. దాని మొఖం సూసినంకనే ఇస్త."