ఖాలా విన్న మాట

నా చిన్నప్పుడు కరీంనగర్ దగ్గర మా మగ్గాల వాడకు హైదరాబాదు నుంచి ఒక పెద్ద నాయకుడు వచ్చి మాట్లాడిపోయాడు. ఆ ఉపన్యాసానికి మా ఊళ్లో ఇప్పటికీ పేరుంది. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయిన రోజులవి. మా బాపు షోలాపూర్ మిల్లు పనికి మూట కట్టుకుని, ఆయన ఏమంటాడో విని పోదామని ఆగాడు.

మైకు లేదు. నాయకుడిది పీల గొంతు, పైగా ఉర్దూ. ఆయన చెప్పిందల్లా మా ఊరి పెద్దమనిషి ఒకాయన తెలుగు చేసి గట్టిగా అరిచేవాడు. వెనక నిలబడ్డ మగవాళ్లకు ఆ అరుపే ఉపన్యాసం. "దసరా లోపల ఇంటింటికి నూలిస్తనని సారు మాటిస్తుండు" అనగానే చప్పట్లు మోగాయి. వాటికి దండం పెట్టింది కూడా పెద్దమనిషే.

ముందు వరసలో ఆడవాళ్లం. అవ్వకూ నాకూ పక్కనే, మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె కూర్చుంది. బొంతలు కుట్టి బతికే మనిషి, ఉర్దూ ఆమె ఇంటి భాష. ఆమె చప్పట్లు కొట్టలేదు. సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి, "తమ్మీ, గాయన మాటియ్యలే. సర్కారుకు రాస్త, మాట మాత్రం ఇయ్యనన్నడు. నువ్వు షోలాపూర్ పో" అంది బాపుతో.

పోలీస్ యాక్షన్ అయి ఎన్నో ఏళ్లు కాలేదు. ముస్లిం ఆడమనిషి మాట మా వాడలో చెల్లని రోజులు. తర్వాత వచ్చిన తెలుగు పేపర్లో దసరా మాటే అచ్చయింది. "పేపర్ల పడ్డది, ఇంకేం కావాలె" అని బాపు మూట విప్పాడు. పేపరువాళ్లకు ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు. చెప్పింది ఆ పెద్దమనిషే. వేదిక మీద కూర్చుని అసలు మాట విన్నవాళ్లు కిమ్మనలేదు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

దసరా పోయింది, నూలు రాలేదు. బాపు పేపరు పట్టుకుని పోతే సర్కారు ఆఫీసులో నవ్వారట. షోలాపూర్ పని వేరేవాళ్లకు దక్కింది. చలికాలంలో మగ్గం అమ్ముకున్నాం.

మగ్గం బండెక్కిన రోజు బాపు ఖాలా గడప ముందు నిలబడి, "అక్కా, గాయన అన్నది ఇంకోసారి చెప్పు" అన్నాడు. నేను చెప్పలేదా అని ఆమె దెప్పలేదు. అన్నది అన్నట్టు చెప్పింది: "మై సర్కార్ కో లిఖూంగా, వాదా నహీ కరూంగా." బాపు తల వంచుకుని విన్నాడు. బాపు వెళ్లాక, వెంట వచ్చిన నన్ను ఆపి, నాకు నోటికి వచ్చేదాకా దాన్ని నాచేత చెప్పించింది. "ఎవరన్నా గాయన గిట్లన్నడు అంటే, నువ్వు విన్నవా, ఎవరన్నా చెప్పిండ్రా అని అడుగు బిడ్డా" అంది.

మొన్న మనవరాలు మా ఊరి చరిత్ర పుస్తకం తెచ్చింది. అందులో ఆ ఉపన్యాసానికి ఒక పేజీ ఇచ్చారు. దసరా మాట ఉంది, చప్పట్లున్నాయి, ఆధారమని కింద ఆ పాత పేపరు పేరుంది. ఖాలా లేదు. బాపు విప్పిన మూటా లేదు. విన్నవాళ్లంతా పోయారు. నాకు ఉర్దూ రాదు. ఆ ఒక్క వాక్యం మాత్రం వచ్చు.