క్యూలో నాలుగో చోటు

దయ్యాలంటే నాకు భయం కంటే చిరాకు ఎక్కువ. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అమ్మ దిష్టి తీసేది, నేను వెళ్లి మాత్రలు తెచ్చేదాన్ని. కంప్యూటర్లు చదువుకున్నదాన్ని. ఏ తప్పుకైనా ఒక కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని గట్టిగా నమ్మేదాన్ని. వెతికి వెతికి విసిగిపోయినా దొరకనిది నా జీవితంలో ఒక్కటే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్ చూసుకునేదాన్ని. సెక్షన్ అంటే నేనొక్కదాన్నే. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. నాన్న పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇంటికి నా జీతమే దిక్కు. ఆ ఉద్యోగం ఖాయం కాకపోతే ఇల్లు గడవదు.

డబ్బాల మీద అంటించే లేబుళ్లు, లారీల వెంట వెళ్లే కాగితాలు, హాజరు పట్టీలు, అన్నీ ఒకే సర్వర్ నుంచి ప్రింటయ్యేవి. ఏ పని ముందు, ఏది తర్వాత అని చూడటానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. మేం కొన్న లైసెన్సు ప్రకారం ఒకేసారి నాలుగు పనులే నడవాలి, మిగతావి క్యూలో నిలబడాలి. ప్రతి పనికీ ఒక నంబరు, బ్యాంకులో టోకెన్ ఇచ్చినట్టు వరుసగా వచ్చేది.

ఆ వేసవిలో నాలుగు కాస్తా మూడయ్యాయి. మూడు పనులే నడుస్తున్నా క్యూ లిమిట్ నిండిపోయిందని తెర మీద వచ్చేది. ఈవెంట్ లాగ్ తీసి చూశాను. సర్వర్‌లో జరిగే ప్రతి విషయాన్నీ అదే నమోదు చేసుకుపోయే పట్టిక అది. నాలుగో చోటు ఏదో పనికి కేటాయించినట్టు ఉంది. ఆ పనికి పేరు లేదు, పంపినవాళ్లు లేరు. నంబరు మాత్రం ఉంది. మా వరుస ఇంకా అంత దూరం రాలేదు, ఎంతో ముందున్న నంబరు అది.

దాన్ని తీసేయబోతే అలాంటి పనే లేదనేది. లేనిదానికి చోటెందుకు ఆపావే అని తెరను తిట్టాను. సర్వర్ ఆపి మళ్లీ పెడితే కాసేపు బాగానే ఉండేది. భోజనాల వేళకి అదే నంబరు వచ్చి కూర్చునేది. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేస్తే, అలా జరగడానికి వీల్లేదన్నాడు. జరుగుతోంది కదయ్యా అంటే, వీల్లేదని మళ్లీ అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

ప్యాకింగ్ సూపర్‌వైజర్ అఫ్రోజ్ భాయ్ లేబుళ్ల కోసం రోజూ నా తలుపు దగ్గరే ఉండేవాడు.

"జెర జల్దీ సూడుండ్రి మేడం. లారీలు లైన్ కట్టినయ్, డ్రైవర్లు పరేషాన్ చేస్తున్నరు."

ఒకరోజు ఆ తెర చూపించి గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన నవ్వాడు.

"గిదేముంది మేడం? బస్సుల కిటికీల నుంచి దస్తీ ఏసి సీటు ఆపుకుంటరు సూడు, గట్ల. ఎవలో జాగ ఆపుకున్నరు."

నాకు నవ్వు రాలేదు. మా మేనేజర్‌కు అసలే రాలేదు. నెలాఖరు సరుకు ఆగిపోతే ఉద్యోగం ఖాయం చేయమని తాను రాయలేనని, ఆ సాయంత్రంలోగా సంగతి తేల్చమని చెప్పేశాడు. ఇంజనీరు చివరికి ఒక దారి చూపించాడు. క్యూ మొత్తం చెరిపేసి కొత్తగా కట్టాలి. భోజనం చేసి వచ్చి ఆ పని పట్టాలనుకున్నాను.

బాక్సు మూత తీస్తుండగా సైరన్ మోగింది. మందుల రసాయనాలు కలిపే రియాక్టర్ బ్లాకులో గ్యాస్ లీకైంది. అందరూ గేటు వైపు పరుగెత్తారు. అలాంటప్పుడు ఆ పూట గేటు దగ్గర కార్డు గీకి లోపలికొచ్చినవాళ్ల జాబితా తీసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చూడాలి. ఆ జాబితా తీసి ఇవ్వడం నా పని.

క్యూలో నెలాఖరు పనులు బారులు తీరి ఉన్నాయి. జాబితా పంపాను గానీ, అది అన్నిటి వెనకా నిలబడుతుందని నాకు తెలుసు. ముందున్నవాటిని ఆపేద్దామని కీబోర్డు మీద చేతులు పెట్టాను. ఇంకా ఏ కీ నొక్కకముందే వెనక ప్రింటర్ మొదలైంది.

వస్తున్నది జాబితాయే. తెర వైపు చూశాను. నాలుగో చోటులో నడుస్తోంది. దాని నంబరు, ఇన్నాళ్లూ నన్ను ఏడిపించిన ఆ నంబరే.

గేటు దగ్గర పేర్లు పిలిస్తే ఒక్కడు పలకలేదు. యాదగిరి అని, కాంట్రాక్టు కార్మికుడు. ఆ రోజు ఇంకొకరితో షిఫ్టు మార్చుకుని వచ్చాడు, ఆ సంగతి అతని సూపర్‌వైజర్‌కే తెలియదు. మాస్కులు పెట్టుకుని లోపలికి వెళ్లినవాళ్లకు మెట్ల కింద స్పృహ లేకుండా దొరికాడు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్ చెప్పాడు.

మర్నాటి నుంచి, నేను క్యూ చెరిపే పని లేకుండానే, నాలుగో చోటు మామూలుగా పనిచేసింది. నంబర్లు పాత వరుసలోనే నడిచాయి. కొన్ని నెలలకు ఆ నంబరు దాకా వచ్చి, దాన్ని వదిలేసి తర్వాతిదానికి పోయాయి. అదంతా ప్రింటు తీసి ఇంజనీరుకు పంపితే, అతను నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

నా ఉద్యోగం ఖాయమైంది. క్యూ సమస్యను పట్టుదలతో పరిష్కరించినందుకని మేనేజర్ రాశాడు. నేనేం పరిష్కరించలేదు సార్ అంటే ఊరుకోమన్నాడు. అదీ ఒక మంటే. తర్వాత ఎన్ని పుస్తకాలు తిరగేశానో, ఎంతమందిని అడిగానో. ఇంకా పుట్టని పనికి అన్ని రోజుల ముందే చోటు ఎలా ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక యాదగిరి, అతని భార్య నా గదికి వచ్చారు. స్వీట్ల డబ్బా బల్ల మీద పెట్టి ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు గింత జల్దీ పేపర్ తియ్యకుంటే మా ఆయన దక్కకపోతుండె మేడం."

ఆ సైరన్ ఇంకో గంట ఆగి మోగి ఉంటే, భోజనం చేసి వచ్చి ఆ చోటును నేనే చెరిపేసి ఉండేదాన్ని. ఆ మాట ఆమెతో అనలేక, ఒక స్వీటు తీసి నోట్లో పెట్టుకున్నాను.