ఆడనివాళ్లే అతిథులు

1996 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. కైకలూరుకు ఆవల ఒక ఊళ్లో, హైస్కూలు వరండాలో పెట్టిన చేపల కాటా మీద మా జట్టు ప్రధాన రైడర్ ఏడుకొండలు నిక్కరుతో నిలబడ్డాడు. కాటా ఎనభై కిలోల తొమ్మిది వందల గ్రాములు చూపించింది. టోర్నమెంటు నిబంధన ప్రకారం మనిషి ఎనభై కిలోలు దాటకూడదు. సెమీఫైనల్ తొమ్మిది గంటలకు. తప్పు ఏడుకొండలుది కాదు, నాది. అదెలా జరిగిందో చెబుతాను.

నేను ఇబ్రహీంపట్నం వైపున్న ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. పేరు చెప్పను. లోడింగ్ సెక్షన్‌లో బస్తాలు మోసే కూలీగా చేరి, గ్రేడ్ టూ హెల్పర్‌గా రిటైరయ్యాను. ఈ రెంటికీ మధ్య పద్నాలుగేళ్లు ఫ్యాక్టరీ కబడ్డీ జట్టుకు కోచ్‌ని. కాగితం మీద ఎప్పుడూ హెల్పర్‌నే, ఎందుకంటే మా ఫ్యాక్టరీలో కోచ్ అనే పోస్టు లేదు. నాకు అక్షరాలు నలభై ఒకటో ఏట వచ్చాయి. ప్రతి ఆటకు ముందు జట్టు పేర్ల పట్టీ రాసి రిఫరీకి ఇవ్వాలి. అది ఎవరిచేతో రాయించుకుంటే వాళ్ల బావమరిది పేరు అందులో చేరుతోందని కనిపెట్టాక, వయోజన విద్య క్లాసులో కూర్చుని నేర్చుకున్నాను.

ఆ ఏడు జనవరిలో పర్సనల్ డిపార్ట్‌మెంటు నుంచి నాకు ఒక కాగితం వచ్చింది. మూడేళ్లుగా జట్టు ఏ టోర్నమెంటులోనూ ఫైనల్‌కు చేరలేదు. కైకలూరు టోర్నమెంటులో కూడా చేరకపోతే జట్టు రద్దు. ఆటగాళ్లందరూ, కోచ్‌తో సహా, తమ తమ సెక్షన్లకు వెళ్లాలి. కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను. నా సెక్షన్ అంటే లోడింగ్. నాకప్పుడు నలభై తొమ్మిది. యాభై కిలోల బస్తా ఎత్తి ఎనిమిదేళ్లయింది. ఎత్తగలనని చెప్పుకోవడానికి కూడా ఇష్టం లేదు.

టోర్నమెంటు పద్ధతి ఇలా ఉంటుంది. ఎనిమిది జట్లు, రెండు పూల్స్. ఒక్కో పూల్‌లో నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడాలి. దీన్ని లీగ్ అంటారు. పూల్‌లో మొదటి రెండు జట్లు సెమీఫైనల్‌కు వెళతాయి. అక్కడినుంచి ఓడినవాడు ఇంటికే. ఆదివారం మధ్యాహ్నానికి మేము రెండు ఆటలు గెలిచి ఉన్నాం. మూడో ఆట ఆ ఊరి జట్టుతోనే. వాళ్లు రెండూ ఓడారు. గెలుపులు సమానమైతే ఒకరి మీద ఒకరు గెలిచిన ఆట చూస్తారు గనక, మేము గెలిచినా ఓడినా పూల్‌లో మొదటి స్థానం మాదే, వాళ్లు గెలిచినా ఓడినా ఆఖరి స్థానం వాళ్లదే. ఆ ఆటకు అర్థం లేదు.

మా టీమ్ మేనేజర్ వెల్ఫేర్ సెక్షన్ గుమాస్తా లక్ష్మీనారాయణ గారు. ఆయన జీవితంలో ఒక్క కూత కూడా పెట్టలేదు గానీ ఇంగ్లీషు పేపర్లో ఆటల పేజీ మొత్తం చదువుతారు. ఆయనే ఈ సలహా ఇచ్చారు.

"ఫారిన్‌లో ఫుట్‌బాల్ టీములు ఏం చేస్తాయో తెలుసా సాంబయ్యా? లీగ్‌లో ఆఖరి మ్యాచ్ లెక్కలోకి రాదంటే మెయిన్ ప్లేయర్లని దింపరు. కూర్చోబెడతారు. నాకౌట్‌కి ఫ్రెష్‌గా ఉంటారు."

నాకు నచ్చింది. ఏడుకొండలుకు మోకాలు పట్టేసి ఉంది. ఎడమ కార్నర్ నాంచారయ్యకు భుజం వాచింది. అయితే ఇక్కడ ఒక లెక్క ఉంది. కబడ్డీ జట్టులో పన్నెండు మంది ఉంటారు. కోర్టులో ఏడుగురు, బయట ఐదుగురు. కాబట్టి ఏడుగురికీ విశ్రాంతి ఇవ్వడానికి వీల్లేదు, ఐదుగురికే ఇవ్వగలం. మిగతా ఇద్దరు ఆడాలి. ఆ ఇద్దరూ కుడి కార్నర్ వీరాస్వామి, రెండో రైడర్ గంగరాజు అని నేను పట్టీ రాయగానే, "మేం పశువులమా ఏంటి సాంబయ్య బాబాయ్? మాకు మాత్రం మోకాళ్లు లేవా?" అని వీరాస్వామి తగువుకొచ్చాడు. మోకాళ్లున్నాయి గనకే ఆడమంటున్నాను అన్నాను. మూడున్నరకు ఆట మొదలైంది.

డెల్టా ఊళ్లలో టోర్నమెంట్లకు ఒక ఆనవాయితీ ఉంది. ఒక్కో రోజు ఆటకు ఒక్కో దాత ఉంటాడు. చనిపోయిన తండ్రి పేరో తాత పేరో మైకులో చెప్పించి ఆ రోజు ఖర్చు పెట్టుకుంటాడు. ఆ ఆదివారం దాత పెద్దిరాజు గారు, చేపల చెరువుల ఆసామి. తన తండ్రి జ్ఞాపకార్థం షామియానా వేయించి, చుట్టుపక్కల ఊళ్లకు మనిషిని పంపి, ఏడుకొండలు కూత చూడ్డానికి రమ్మని చెప్పించారు. వచ్చిన జనానికి కనిపించింది ఏడుకొండలు కుర్చీలో కూర్చుని ఉండడం.

పెద్దిరాజు గారు నా దగ్గరకు వచ్చారు. కోపంగా లేరు. కోపంగా ఉంటే బాగుండేది.

"ఏవండీ కోచ్ గారూ, మా నాన్నగారి పేరు మీద ఆటకి రెండో రకం దింపారేంటండీ?"

"రెండో రకం కాదండి, రిజర్వు. వీళ్లకి రేపు సెమీస్ ఉందండి. రెస్ట్ ఇచ్చాం."

"అంటే ఈ అయిదుగురూ ఇయ్యాల ఆడరు."

"ఆడరండి."

"ఆడేవోళ్లయితే ఆటగాళ్లండి. ఆడనోళ్లంటే మా అతిథులే కదండీ. అతిథిని ఖాళీ కడుపుతో కూకోబెట్టానంటే మా నాన్నగారు ఏవనుకుంటారండీ?"

ఐదుగురినీ షామియానా కిందకు తీసుకెళ్లి తన పక్కన దాతల కుర్చీల్లో కూర్చోబెట్టారు. నాకు తేలికగా అనిపించింది. పెద్దమనిషి అర్థం చేసుకున్నాడనుకుని కోర్టు వైపు తిరిగాను. ఆట జరుగుతున్నంతసేపు కోచ్ కళ్లు కోర్టు మీదనే ఉండాలని నాకు నేర్పారు. నలభై నిమిషాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం, నేను వెనక్కి తిరగలేదు. వెనకాల ఏం జరిగిందో తర్వాత లక్ష్మీనారాయణ గారు చెప్పారు. మొదటి సగంలో గారెలు వచ్చాయి. విరామంలో రొయ్యల వేపుడు. రెండో సగంలో పూతరేకులు. ఆయన కూడా తిన్నారు కాబట్టి కచ్చితంగా చెప్పగలిగారు.

ఆటలో ఊరి జట్టు గెలిచింది. టోర్నమెంటులో వాళ్లకు అదొక్కటే గెలుపు. జనం డప్పులు కొట్టారు. మా రిజర్వు కుర్రాళ్లు ఓడిపోయినా ఒళ్లు వంచి ఆడారు. ముఖ్యంగా చిట్టిబాబు అనే యాభై ఎనిమిది కిలోల బక్కవాడు పదకొండు సార్లు కూతకు వెళ్లి ఏడు పాయింట్లు తెచ్చాడు. ఆడినవాళ్లకు నిర్వాహకులు తలా ఒక సోడా, రెండు అరటిపళ్లు ఇచ్చారు. కూర్చున్న ఐదుగురినీ పెద్దిరాజు గారు చెరువులు చూపిస్తానని జీపెక్కించుకున్నారు.

జీపు బడి దగ్గరకు తిరిగి వచ్చేసరికి రాత్రి ఏడున్నర. ఐదుగురూ దిగిన తీరు చూస్తే లారీలోంచి బస్తాలు దించుతున్నట్టు ఉంది. ఆ పని నాకు తెలుసు. ఏం తిన్నారని అడిగాను. కొర్రమీను పులుసు అన్నాడు నాంచారయ్య. ఇంకా? పీతల ఇగురు. ఇంకా? కోడి పలావు. వద్దనలేదా అన్నాను.

"అన్నావండి. వద్దంటే ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోతానన్నారు. ఆయన లేస్తే పంక్తిలో ముసలోళ్లు కూడా లెగాలంట. పెద్దోళ్లని అన్నం ముందునించి ఎలా లేపుతావండీ?"

సెమీస్‌కు ముందు మళ్లీ తూస్తారు, వెళ్లి పడుకోండి అన్నాను.

పొద్దున్న కాటా. మా ఐదుగురిలో ముగ్గురు ఎప్పుడూ డెబ్బై తొమ్మిది ప్రాంతంలో తూగేవాళ్లు. కబడ్డీలో బరువుంటేనే పట్టు నిలుస్తుంది కాబట్టి ఎనభై గీతకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఆ మంచితనమే కొంప ముంచింది. ఏడుకొండలు తొమ్మిది వందల గ్రాములు ఎక్కువ. నాంచారయ్య ఆరు వందలు. కవర్‌లో ఆడే మస్తాన్ కిలో పైన. నిబంధన ప్రకారం అరగంట గడువు ఇస్తారు, ఆలోగా మళ్లీ తూగవచ్చు. బరువు చూసే అఫీషియల్ గడియారం చూసి గడువు ఏడూ నలభై అని రాసుకున్నాడు.

ముగ్గురికీ లారీల మీద కప్పే టార్పాలిన్ ముక్కలు చుట్టి చెరువుగట్టు మీద పరుగెత్తించాను. చెమట పట్టాలి, అదే ఉద్దేశం. గట్టు మీద నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. మస్తాన్ రెండో చుట్టులో కాలు జారి చెరువులో పడ్డాడు. బయటికి లాగితే టార్పాలిన్ నిండా నీళ్లు. నాంచారయ్యకు తొందర ఎక్కువ. నాతో చెప్పకుండా మంగలిని పిలిపించుకుని గుండు గీయించుకున్నాడు. తూస్తే జుట్టు బరువు కాటాకు ఆనలేదు. గుండు మిగిలింది, మూడు వందల గ్రాములూ మిగిలాయి. మస్తాన్, నాంచారయ్య ఇద్దరూ గడువులోగా దిగలేదు, అనర్హులని అఫీషియల్ రాసేశాడు.

ఏడుకొండలు మాత్రం దొడ్డికి వెళ్లి, పరుగెత్తి, ఉమ్మి, మళ్లీ దొడ్డికి వెళ్లి, ఏడూ ముప్పై నాలుగుకు కాటా ఎక్కాడు. ఎనభై కిలోల నూట యాభై. ఇక ఒంట్లోంచి తీయడానికి ఏమీ లేదు. అప్పుడు లక్ష్మీనారాయణ గారికి నిక్కరు అంచులోంచి వెండి మొలతాడు కనిపించింది. లావుపాటిది, పావుకిలోకు కాస్త తక్కువ ఉంటుంది.

"అది తియ్యరా," అన్నాను.

"తియ్యను బాబాయ్."

"టీమ్ పోద్దిరా."

"మొలతాడు సచ్చినోడికి తీస్తారు బాబాయ్. నేనింకా బతికే ఉన్నాను. మాయమ్మకి తెలిస్తే ఆవిడ చంపుద్ది, అప్పుడు తీద్దురుగాని."

వాడు మొండివాడు. ఏడుస్తూ మొండికేస్తున్నాడు, అది ఇంకా కష్టం. అఫీషియల్ మూడు నిమిషాలుంది అన్నాడు. నేను లోడింగ్ సెక్షన్ గురించి ఆలోచిస్తున్నాను. వరండాలో కాటా అద్దెకు ఇచ్చినాయన అక్కడే ఉన్నారు. పెద్దిరాజు గారే. జనంలోంచి ముందుకొచ్చి, తన మనిషి చేతిలో ఉన్న వల దారం ఉండ అందుకున్నారు.

"ముందు ఇది కడదాం. తరవాత అది విప్పుదాం. మొల ఒక్క సెకను కూడా ఖాళీగా ఉండదు. మీ అమ్మగారికి నేను చెప్తానండీ," అని తన చేత్తోనే వాడి నడుముకు దారం కట్టి ముడివేశారు. ఏడుకొండలు ఆలోచించాడు. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకున్నాడు. తర్వాత వెండిది విప్పి నా చేతిలో పెట్టాడు. కాటా డెబ్బై తొమ్మిది కిలోల తొమ్మిది వందల యాభై చూపించింది. టైము ఏడూ ముప్పై తొమ్మిది.

సెమీఫైనల్లో ఏడుకొండలు మొదటి కూతకే ఊపిరి అందక మధ్యగీత దాకా వచ్చి పడ్డాడు. కాళ్లలో సత్తువ లేదు. ఆ సంగతి అవతలి జట్టుకు తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా ఏడుకొండలు అనే పేరు. అందుకని వాడిని ఖాళీ కూతలకు పంపాను. అంటే వెళ్లి, కూతకు వెళ్లినవాడు తప్పక దాటాల్సిన బాక్ లైన్ గీత దాటి, ఎవరినీ ముట్టుకోకుండా తిరిగి రావడం. పాయింట్ రాదు, పోదు. వాడు వెళ్లిన ప్రతిసారీ అవతల ఏడుగురూ వెనక్కి తగ్గి కాచుకునేవాళ్లు. వాళ్లు అలసిపోయాక చిట్టిబాబును పంపేవాణ్ని. నిన్న నలభై నిమిషాలు ఆడి ఒళ్లు వదులై ఉన్నాడు, రాత్రి సాంబారన్నం తిని పడుకున్నాడు. ఇరవై మూడు, ఇరవై రెండు. ఒక్క పాయింటుతో గెలిచాం.

సాయంత్రం ఫైనల్లో పందొమ్మిది పాయింట్ల తేడాతో ఓడాం. దాని గురించి రాయడానికి ఏమీ లేదు. కాగితంలో అడిగింది ఫైనల్‌కు చేరడం, చేరాం. జట్టు ఇంకో ఆరేళ్లు నడిచింది. బస్తా నా వీపు మీదకు మళ్లీ రాలేదు.

ముఖ్యమైన ఆటగాడికి విశ్రాంతి ఇవ్వడం మంచి పద్ధతే. తర్వాత కూడా చాలాసార్లు ఇచ్చాను. కానీ విశ్రాంతి అంటే పట్టీలోంచి పేరు తీసేయడం కాదు. ఆడేవాడిని రిఫరీ చూసుకుంటాడు, జనం చూసుకుంటారు. ఆడనివాడు ఎక్కడ కూర్చోవాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, ఏం తినాలి అన్నది కోచ్ ముందే నిర్ణయించి కాగితం మీద రాసుకోవాలి. ఆ ఫారిన్ ఫుట్‌బాల్ జట్లు కూడా ఆ పని చేసే ఉంటాయి. పేపర్లో అది రాయరు.

ఆ సోమవారం ఉదయం కాటా దగ్గర ఉన్నవాళ్లు: కూర్చోబెట్టిన ఏడుకొండలు, నాంచారయ్య, మస్తాన్, శ్రీనివాసు, కోటేశ్వరరావు, ఆడమంటే తగువుపడిన వీరాస్వామి, తగువుపడకుండా ఆడిన గంగరాజు, రిజర్వులో చిట్టిబాబు, రమేష్, అంజి, జాన్, సుబ్బయ్య, మేనేజర్ లక్ష్మీనారాయణ గారు, బరువు చూసిన అఫీషియల్ సత్యం గారు, గుండు గీసిన మంగలి వెంకటేశ్వర్లు, వల దారం మోసుకొచ్చిన పోలయ్య, పెద్దిరాజు గారు, వెండి మొలతాడు గుప్పిట్లో పట్టుకుని నిలబడిన నేను, సాంబయ్య.