రూత్ మేడమ్ కొట్టేసిన రెండు పేజీలు

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి జిరాక్స్ షాపులో నా కొత్త స్క్రిప్ట్ ప్రింట్ తీయించాను. చేతికొచ్చిన కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనానికి రూత్ మేడమ్ గుర్తొచ్చారు. ఆమె హాలీవుడ్‌లో స్క్రీన్‌ప్లే రచయిత్రి, నిర్మాత. పెరిగింది మాత్రం మౌలాలి రైల్వే క్వార్టర్లలో. తండ్రి గూడ్స్ గార్డు, తల్లి స్కూల్ టీచరు. పన్నెండేళ్ల క్రితం తన సినిమాలో కొంత భాగం తీయడానికి ఇక్కడికి వచ్చి, ఒక సహాయకురాలి కోసం వెతికారు. మల్కాజ్‌గిరిలో ఉంటూ ఒక ఆఫీసులో ఉత్తరాలు అనువదించే నేను వెళ్లి కలిశాను. రాయాలన్న కోరిక నాకుందని అప్పటికి మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

ఆమె స్క్రిప్ట్ చేతికిచ్చి చదివి రమ్మన్నారు. మర్నాడు వెళ్లి, "చాలా బాగుంది మేడమ్" అన్నాను.

"ఆ మాట మా చెల్లె సుత అంటది. ఎక్కడ బోర్ కొట్టిందో చెప్పు."

"స్టేషన్‌లో అక్కాచెల్లెళ్లు కలిసే సీన్... జెర పొడుగైంది" అన్నాను భయపడుతూనే.

"నాకు అన్నిట్ల ఇష్టమైన సీన్ అదే" అన్నారు. "రేపట్నుంచి పనికి రా."

ఆఫీసుకు సెలవు పెట్టి చేరాను. షూటింగ్‌కి చోట్లు వెతుకుతూ ఎంఎంటీఎస్ రైల్లో తిరిగేటప్పుడు తన కథ కొంచెం కొంచెంగా చెప్పేవారు. అమెరికా వెళ్లాక ఒక స్టూడియోలో ఇతరుల స్క్రిప్టులు చదివి, ఒక్కోదాని మీద ఒక పేజీ అభిప్రాయం రాయడం ఆమె మొదటి ఉద్యోగం. అలా ఆరేళ్లు. తెల్లవారుజామున లేచి తన సొంత కథ రాసుకునేవారు. చివరికి ఒక స్క్రిప్ట్ అమ్ముడుపోయింది. దాన్ని కంపెనీవాళ్లు మరో ఇద్దరితో తిరగరాయించారు.

"థియేటర్‌ల నా డైలాగులకు జనం నవ్విన్రు. నన్ను చూడనీకి అక్కడికొచ్చిన మా అమ్మ పక్కనే ఉంది. ఆఖరున పేర్లు పడుతుంటే లేచి నిలబడి అన్నీ చదివింది. నా పేరు లేదు."

"కోపం రాలేదా మేడమ్?"

"ఏడ్చిన. తర్వాత ఆలోచించిన. ఎవరి పేరు పడాల్నో చెప్పే కుర్చీ ఒకటుంటది కదా, అండ్ల కూర్చోవాలె అని."

ఆ నిర్మాత కుర్చీ దాకా రావడానికి ఆమెకు మరో పదేళ్లు పట్టింది.

స్టేషన్‌లో షూటింగ్‌కి మధ్యాహ్నం పన్నెండు దాకే అనుమతి. ఏళ్ల తరబడి మాటల్లేని అక్కాచెల్లెళ్లు ప్లాట్‌ఫారం మీద ఎదురుపడాలి. రెండు పేజీల సంభాషణ. అక్క వేషం వేసినావిడకు జ్వరం. మాటలు మర్చిపోతోంది. పదిన్నరకి దర్శకుడు తల పట్టుకుని కూర్చున్నాడు. మేడమ్ నా వైపు తిరిగి, "ఏం చేద్దాం, చెప్పు" అన్నారు. ఆ సీన్ ఆమెకు ప్రాణం. మాట తేడా వస్తే ఈ పని పోతుంది.

"మా అమ్మ, పెద్దమ్మ ఆరేండ్లు మాట్లాడుకోలె మేడమ్. మళ్ల కలిసిన రోజు మా పెద్దమ్మ కిందికి చూసి, 'నీ చెప్పు తెగిందేందే?' అన్నది. అంతే. ఇద్దరు కలిసి నడిచి ఇంటికి వచ్చిన్రు."

మేడమ్ నవ్వారు. తర్వాత పెన్ను తీసి, రెండు పేజీలూ అడ్డంగా కొట్టేసి ఆ ఒక్క మాట రాశారు. నలభై నిమిషాల్లో సీన్ అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు.

"తక్లీఫ్ అయిందా మేడమ్?" అని సాయంత్రం అడిగాను.

"ఎందుకు కాదు? రాసిన చేత్తో కొట్టేస్తే ఎప్పుడైనా నొస్తది. నొవ్వని రోజు రాసుడు బంద్ చేస్త" అన్నారు.

ఏడాదికి ఆ సినిమా వచ్చింది. చివర్లో 'అదనపు సంభాషణలు' అన్న చోట నా పేరు కనిపించింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పక్క సీట్లో అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆ నెలలోనే ఆఫీసు ఉద్యోగం మానేసి రాయడం షురూ చేశాను. ఇప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న సినిమాలు నిర్మిస్తున్నాను. రూత్ మేడమ్ నెలకోసారి ఫోన్ చేసి, నా స్క్రిప్టులను హాయిగా తిడుతుంటారు.

మొన్న మౌలాలిలో షూటింగ్ చేస్తుంటే, కొత్త నటి ఒకమ్మాయి మొహమాటంగా వచ్చి, "అక్కా, ఈ మాట మా ఇంట్లయితే గిట్ల అనరు" అని తనకు తోచినట్టు చెప్పింది. నేను నాలుగు రోజులు కష్టపడి రాసిన దానికంటే అదే బాగుంది. నాది కొట్టేశాను. గుండెలో కలుక్కుమంది. ఆ నొప్పితోనే బస్సెక్కి ఇంటికి వచ్చి, కడుపునిండా అన్నం తిని, తర్వాతి సీన్ రాయడానికి కూర్చున్నాను.