సీసాలోని సాంబ్రాణి

1991 చివర్లో నన్ను ఒమన్ రాజధాని మస్కట్ నుంచి రుస్తాఖ్ వైపు ఒక ఆస్పత్రికి బదిలీ చేశారు. మగవాళ్ల ఎముకల వార్డులో స్టాఫ్ నర్సు ఉద్యోగం. ఆస్పత్రి పేరు చెప్పను. అందులో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు. నర్సులందరి మీద ఛార్జ్ సిస్టర్, ఆమె మీద రిజిస్ట్రార్ డాక్టరు, ఆయన మీద వారానికోసారి మస్కట్ నుంచి వచ్చే ఇంగ్లీషు కన్సల్టెంట్. పైవాళ్ల మాట కిందికి నీళ్లలా జారేది. కిందివాళ్ల మాట పైకి ఎక్కాలంటే దేవుడు దిగి రావాలి.

ఆ చలికాలంలో మల్లేశం అనే సెంట్రింగ్ కార్మికుణ్ణి తెచ్చారు. జగిత్యాల దగ్గరివాడు. సైట్‌లో పరంజా మీంచి పడి తొడ ఎముక విరిగింది. మస్కట్‌లో ఆపరేషన్‌కి వంతు వచ్చేదాకా కాలిని ట్రాక్షన్‌లో ఉంచాలి. కాలికి రెండు పక్కలా అంటుకునే పట్టీలు వేసి, వాటికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీస్తాం. విరిగిన ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కకుండా ఆ బరువు లాగి పడుతుంది. పట్టీ జారకుండా ముందు చర్మానికి టింక్చర్ బెంజాయిన్ పూస్తాం. గోధుమరంగు మందు, ఆరితే జిగురు.

చేర్చుకునేటప్పుడు మందులేమైనా పడవా అని హిందీలో అడిగితే అన్నీ పడతాయన్నాడు. అబద్ధం కాదు. రెండు రోజులయ్యాక నన్ను పిలిచాడు.

"సిస్టరమ్మా, కాలు మండుతున్నది. గీ వాసన నాకెర్కే, గిది సాంబ్రాణి. చిన్నప్పుడు దెబ్బ తాకితే మా అవ్వ సాంబ్రాణి నూరి పట్టేసింది. కాలంత పొక్కులు లేసినయి. నాకు పడదమ్మా."

అతను చెప్పింది నిజం. గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు మా ట్యూటరమ్మ చెప్పింది, బెంజాయిన్ అంటే మన ఇళ్లలో పొగ వేసే సాంబ్రాణేనని, చెట్టుకి గాటు పెడితే కారే బంక అని. రౌండ్‌లో రిజిస్ట్రార్‌కి ఆ మాటే చెప్పాను.

పక్క మంచం మీది ఒమానీ పెద్దాయన కోసం ఇంటివాళ్లు సాయంత్రాలు మట్టి ధూపపాత్రలో లుబాన్ అనే అక్కడి చెట్టు బంక పొగ వేసేవారు. రిజిస్ట్రార్ దాన్ని చూపించి, దీనివల్లే, బయటికి పంపించండి అన్నాడు. ఒమన్ లుబాన్ వేరే చెట్టుది. పాపం, దానికీ ఈ కాలికీ ఏ సంబంధమూ లేదు. పొగ కాదు సార్, సీసాలోది అన్నాను. బెంజాయిన్ మందుల గ్రంథంలో ఉన్న మందు, మీ పూజసామాను కాదన్నాడు. నేను ఆదివారం ఆదివారం చర్చికి పోయేదాన్నని ఆయనకేం తెలుసు! పెద్దాయన ధూపపాత్రని ఇంటికి పంపేశాడు. సీసా మాత్రం ట్రాలీ మీదే ఉంది.

"కాలు సక్కగైతే పనిల ఉంచుకుంటరమ్మా, లేకుంటే ఎగ్జిట్ కొడ్తరు" అనేవాడు మల్లేశం. ఎగ్జిట్ అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపడం. ఇంతలో చర్మం చెమ్మగిల్లి పట్టీ జారింది, మళ్లీ వేయమన్నారు. ఆ మందు లేకుండా వేస్తానన్నాను. డాక్టరు ఆర్డర్ మార్చడానికి నువ్వెవరు అని ఛార్జ్ సిస్టర్ దగ్గరుండి పూయించింది.

పిక్క నుంచి తొడదాకా పొక్కులు లేచి చీము పట్టాయి. పట్టీలు తీసెయ్యక తప్పలేదు. చీము పట్టిన కాలికి ఆపరేషన్ చెయ్యరు కనక మస్కట్‌లో వంతు పోయింది. ఎముక పొట్టిగా అతుక్కుంది. రోగి పట్టీలు గోకి పాడుచేశాడు, సహకరించలేదు అని రిజిస్ట్రార్ కేస్ షీట్‌లో రాశాడు. కంపెనీవాళ్లకి ఆ వాక్యం చాలు. మల్లేశం చంకకర్రల మీద మస్కట్‌లోని సీబ్ ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయాడు. వెళ్తూ, "నేను గోకలేదమ్మా, నీకెర్కనే గదా" అన్నాడు.

కొన్నాళ్లకి కన్సల్టెంట్ రౌండ్ ముగించి, టీ తాగుతూ ఆ సీసా చేతిలోకి తీసుకుని కథ మొదలుపెట్టాడు. జావా వైపు నుంచి వచ్చే చెట్టు బంకని అరబ్బు వర్తకులు లుబాన్ జావీ, అంటే జావా లుబాన్, అనేవారట. ఐరోపావాళ్లు మొదట్లోని 'లు'ని తమ భాషలో పేరుకి ముందొచ్చే ముక్క అనుకుని కోసేశారట. మిగిలిన 'బాన్ జావీ' నోళ్లలో నలిగి ఇంగ్లండు చేరేసరికి గమ్ బెంజమిన్ అయింది. చెట్టు బంకకి బైబిల్లో యాకోబు కడగొట్టు కొడుకు పేరు! మందులవాళ్లు స్థిరపరచిన పేరు బెంజాయిన్. ఇండియాలో ఇళ్లలో పొగ వేసేది ఇదేననీ, కొందరి చర్మానికి పడదనీ చెప్పి ముగించాడు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది రిజిస్ట్రార్. ఎద్దు పుండు కాకికి నొప్పా? నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడే వార్డులో నోటీసు పెట్టారు: బెంజాయిన్ పూసేముందు సాంబ్రాణి పడుతుందో లేదో రోగిని అడగాలి. కింద రిజిస్ట్రార్ సంతకం. అయితే మల్లేశం కేస్ షీట్‌లో ఆ వాక్యం దిద్దండి అన్నాను. మూసేసిన ఫైలు తెరవరన్నారు.

ఆ తరవాత రిటైరయ్యేదాకా, మందులు పడవా అని అడిగి ఊరుకోకుండా, వంటింట్లో, దేవుడి దగ్గర, పొలంలో ఏది పడదని కూడా అడిగేదాన్ని. రోగి చెప్పింది అతని మాటల్లోనే రాసి కింద సంతకం పెట్టేదాన్ని. నేర్చుకున్నది ఇంకొకటి కూడా ఉంది. సాంబ్రాణి పడదన్న మాట ఆ వార్డులో కన్సల్టెంట్ చెప్పాకే నిజమైంది. మల్లేశం చెప్పిన రోజున అది ఒట్టి నస.