కొత్త కారుకు భోగ్

కారు నడపాలంటే బిడ్డకు వీపు పెట్టి కూర్చోవాలన్న సంగతి, నేర్చుకున్నన్నాళ్లూ నాకు తట్టలేదు. భూపాలపల్లిలో మా క్వార్టర్ల వెనక మైదానంలో, నేర్పించే ఆయన పాత కారులో గుండ్రంగా తిరుగుతుంటే, బిడ్డ వాళ్ల నాన్న చంకలో గట్టు మీద ఉండేది. తిరిగొచ్చిన ప్రతిసారీ కనబడేది, చెయ్యి ఊపేది. జనగామ షోరూంలో సోఫా మీద కూర్చుని, ఎర్ర గుడ్డ కప్పిన మా కారును చూస్తున్నప్పుడు మొదటిసారి అనిపించింది. ముందు సీట్లో నేను, వెనక సీట్లో అది. మధ్యలో నా వీపు.

ఆ కారు కొన్నదే దాని కోసం. మొన్నటి వానాకాలంలో దానికి జ్వరమొచ్చి, ఒళ్లు కాలిపోతూ, ఉన్నట్టుండి కళ్లు పైకి తేలేసింది. చేతులు బిగుసుకున్నాయి. మా ఆయన బొగ్గు బాయిలో పనిచేస్తాడు. బాయి దిగేటప్పుడు ఫోను పైనే పెట్టి పోవాలి. నేను ఎంత పిలిచినా అది పైన ఏదో అరలో మోగుతూనే ఉంది. చివరికి ఒక ఆటో దొరికింది. దవాఖానకు చేరేసరికి బిడ్డ మామూలుగా ఏడుస్తోంది. జ్వరానికి ఫిట్స్ రావడం పిల్లల్లో మామూలేనని, పెద్దదైతే పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మామూలే అన్న మాట ఆమె దగ్గరే ఉండిపోయింది, నాతో ఇంటికి రాలేదు. అప్పటి నుంచి అది నిద్రపోతుంటే నేను దాని ఛాతీని చూస్తూ ఉంటాను. పైకి లేచిందా, కిందికి దిగిందా. ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి వెళ్లి చూసి వస్తున్నాను.

ఇంట్లో కారుండాలి, అది నాకు నడపడం రావాలి. ఇద్దరం అలా అనుకున్నాం. మా ఆయనకు మోటారు సైకిల్ తప్ప ఇంకేదీ రాదు. నేర్చుకుందామన్నా షిఫ్టులు కుదరలేదు. హన్మకొండలో అడిగితే చాలా రోజులు ఆగాలన్నారు. జనగామలో తెల్లది ఒకటి సిద్ధంగా ఉందని తెలిసి అక్కడికి వచ్చాం. ఇంటిదాకా తోలుకు రావడానికి షోరూం వాళ్లే ఒక డ్రైవరును ఇస్తామన్నారు. ఆయన నడుపుతాడు, నేను వెనక బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను, తర్వాత మెల్లగా నేనే నడుపుతాను అనుకున్నాను. ఆ తర్వాత అన్నది ఎప్పుడో నాకే తెలియదు.

పొద్దున్నే రమ్మన్నారు. ఇన్సూరెన్సు కాగితం రాలేదని, తాత్కాలిక నంబరు అంటించాలని, మ్యాట్లు మార్చాలని మధ్యాహ్నం దాటించారు. లోపల ఏసీ చల్లగా ఉంది. గాజు గోడ అవతల హైవే మీద లారీలు చప్పుడు లేకుండా పోతున్నాయి, మేము చెరువు అడుగున కూర్చుని పైన పోయే పడవల్ని చూస్తున్నట్టు. షోరూం నిండా కార్లు దీపాలార్పుకుని పడుకున్నాయి. వాటి మధ్య నేల ఎంత నున్నగా ఉందంటే, బిడ్డ తన నీడను తాకడానికి వంగి వంగి నడుస్తోంది. టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి అప్పుడప్పుడూ వచ్చి, "అయిపోయింది సార్, ఒక్క పది నిమిషాలు" అని మా ఆయనతో చెప్పి పోతున్నాడు. నిద్ర లేక, కాస్త చలిగా, నాకు ఆ పది నిమిషాలు ఒకదాన్లో ఒకటి కరిగిపోతున్నట్టు ఉంది. అక్కడే ఉండిపోయినా బాగుండుననిపించింది. కారు గుడ్డ కింద, బిడ్డ నా కళ్ల ముందు.

అప్పుడు మా అమ్మ వచ్చింది. మహబూబాబాద్ దగ్గర తండా మాది. ఇంట్లో మేము మా లంబాడీల గోర్ మాటే మాట్లాడుకుంటాం, అమ్మను యాడి అంటాం. రైలు దిగి, స్టేషన్ నుంచి ఆటో కట్టించుకుని, చేతిలో బరువైన గుడ్డ సంచితో ఆమె ఆ గాజు తలుపు ముందు నిలబడింది. అది దానంతటదే తెరుచుకుంటే ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకు వచ్చింది.

"ఏదీ బండి?" అంది.

"గుడ్డ కింద ఉంది యాడీ."

"ఎందుకు, సలి పెడుతుందా దానికి?"

ఆమెను చూడగానే షోరూం కదిలింది, లేదా నాకు అలా అనిపించింది. గంట మోగింది. వాళ్ల అయ్యగారు వచ్చి పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టాడు. గుడ్డ లాగారు. రంగు కాగితాలు రాలాయి. అక్కడివాళ్లంతా వరుసగా నిలబడి చప్పట్లు కొట్టారు. దిండంత అట్ట తాళంచెవి ఒకటి తెచ్చి ఫొటో కోసం మా ఆయన చేతికివ్వబోయాడు సేల్స్ అబ్బాయి.

"నాకు నడపరాదన్నా," అన్నాడు మా ఆయన. "మేడంకియ్యి."

అబ్బాయి ఒక్క క్షణం తడబడి, ఆ అట్ట తాళంచెవిని నా వైపు తిప్పాడు. బిడ్డ దాన్ని వాటేసుకుని వదల్లేదు. ఫొటోల్లో నేను లేను, తాళంచెవి వెనక నుంచి బిడ్డ కాళ్లే ఉన్నాయి.

"కంపెనీ నుంచి ఫోన్ వస్తది మేడం. మా సర్వీసు ఎట్లున్నదని అడుగుతరు. పదికి పది చెప్పాలె. తొమ్మిది చెప్పినా నాకు సున్నానే," అన్నాడు వాడు చేతులు కట్టుకుని. ఆ గొంతు మారిపోయింది, స్కూల్లో హాజరు పలికే పిల్లాడిలా. చెప్తానన్నాను.

ఇంతలో పొగ వాసన వచ్చింది. వెనక్కి చూస్తే, యాడి కారు ముందు నున్నటి నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంది. సంచిలోంచి ఇనుప మూకుడు తీసింది, అందులో పిడక ముక్కలు. గిన్నెలో నెయ్యి, బెల్లం, తీపి అన్నం. అగ్గిపుల్ల అప్పటికే గీసింది.

మాకు కొత్తది ఏదొచ్చినా, ఇల్లయినా ఎద్దులయినా, నిప్పుల మీద నెయ్యి, బెల్లం, తీపి అన్నం వేసి మొక్కుతాం. దాన్ని భోగ్ అంటాం. నిప్పు తిన్నాకే మనం తినాలి, నిప్పు చూశాకే మనం ఎక్కాలి. తండాలో ఇది మగవాళ్లే చేస్తారు. నాన్న పోయినప్పటి నుంచి మా ఇంట్లో యాడే చేస్తుంది. ఎవరూ అడ్డం చెప్పలేదు. కారు కొంటున్నామని చెప్పినప్పుడే, "భోగ్ కాకుండా పిల్లను ఎక్కియ్యకు" అని మాట తీసుకుంది. అది ఇక్కడే, ఈ గాజు గదిలోనే చేస్తుందని నాకు తోచలేదు.

సేల్స్ అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! అమ్మా! గిదేంది? లోపల పెట్రోలుంటది!"

"మీ అయ్యగారు కర్పూరం ముట్టియ్యలే? గది నిప్పు కాదా?"

"కర్పూరం జరంతనే అమ్మా."

"మాది గుడ జరంతనే."

వాడు పైకప్పు వైపు చూపించాడు. "పొగ గా పైపులకు తాకితే వాన కురుస్తదమ్మా. కార్లన్ని తడుస్తయి. నా నౌకరి పోతది."

యాడి తల ఎత్తి ఆ ఇత్తడి మూతుల్ని తీరిగ్గా చూసింది. "కప్పు కింద గుడ వాన కురిపిస్తరా? గట్లయితే జర మా చేన్లకు రాండి, బిడ్డా."

అందరూ నవ్వారు, వాడు కూడా. కానీ లోపల నిప్పుకు మాత్రం వాడు ఒప్పుకోలేదు. షోరూం పక్కనే, గేటు దాటాక, ఎవరిదో ఖాళీ జాగా ఉంది. కారును అక్కడికి తీసుకుపోతే ఎంత పొగైనా పెట్టుకోవచ్చన్నాడు. తీసుకుపోవాల్సిన డ్రైవరు నమాజుకు పోయాడు. ఆయన వచ్చేదాకా ఆగుదామన్నాను. యాడి బయటికి చూసింది. ఎండ అప్పటికే పచ్చబడి గాజు మీద ఒరిగింది.

"పొద్దు గూకితే భోగ్ లేదు," అంది. "నువ్వు నేర్సుకున్నవ్ కదా. తీయ్."

"నాకు... ఇంత కొత్తది..."

"నేర్సుకున్నవా లేదా?"

మా ఆయన బిడ్డను నా చంకలోంచి తీసుకున్నాడు. అది నా మెడ పట్టుకుని, అమ్మా నేనూ అని ఏడ్చింది. భోగ్ కాకుండా అది ఎక్కకూడదు. అంటే నేను ఒక్కదాన్నే ఎక్కాలి. తలుపు వేసుకున్నాను. దాని ఏడుపు వినబడడం ఆగిపోయింది, అద్దం అవతల నోరు మాత్రం తెరుచుకుని ఉంది. అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. సీట్ల మీది ప్లాస్టిక్ కవరు నేను ఊపిరి తీసినప్పుడల్లా గరగరమంటోంది. కొత్త రబ్బరు వాసన, కర్పూరం వాసన, దూరంగా పిడక పొగ. తాళం తిప్పితే కారు కదిలినట్టే లేదు, ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు చిన్నగా వణికింది.

అయ్యగారు పెట్టిన నిమ్మకాయలు టైర్ల కింద చిట్లాయి. ర్యాంపు మీద బ్రేకు తొక్కిన కాలు తీయకుండానే కిందికి దిగాను. అద్దంలో వాళ్లు నా వెనకే నడిచొస్తున్నారు. మూకుడు పట్టుకున్న యాడి, ఏడుస్తున్న బిడ్డ, దాన్ని భుజానేసుకున్న మా ఆయన, అట్ట తాళంచెవి పట్టుకున్న సేల్స్ అబ్బాయి. బతుకమ్మ ముందు నడిచినంత మెల్లగా నడుపుతున్నాను. గేటు దాటి, ఖాళీ జాగాలో గడ్డి మీద ఆపి, దిగాను.

భోగ్ తొందరగానే అయిపోయింది. పిడకలు ఎర్రబడ్డాక యాడి నెయ్యి పోసింది. మంట లేచి, కారు తెల్ల బానెట్టు మీద పసుపుగా ఆడింది. ఏమేమో గొణుక్కుంది. మా తాతల పేర్లు వినిపించాయి, బిడ్డ పేరు వినిపించింది. జ్వరం అన్న మాట కూడా విన్నాను. కారు గురించి ఆమె ఏమీ అడగలేదు. పొగ మా అందరి మీదుగా వంగి హైవే వైపు పోయింది. నాకు ఆ పొగలో అంతా దూరంగా, ఎవరో చెబుతుంటే వింటున్నట్టుగా ఉంది.

డ్రైవరు వచ్చాడు. తెల్ల టోపీ జేబులో పెట్టుకుంటున్న పెద్దాయన. యాడి ఆయన చేతిలో తీపి అన్నం పెడితే, బిస్మిల్లా అనుకుని తిని, "నెయ్యి మస్తుగున్నదమ్మా" అన్నాడు. తాళంచెవి కోసం నా వైపు చెయ్యి చాపాడు.

నేను ఇవ్వాలనే అనుకున్నాను. బిడ్డ అప్పటికే వెనక సీట్లో యాడి ఒళ్లో కూర్చుంది, ముఖం మీద బెల్లం, కన్నీళ్లు. ఆ పక్కన నాకు జాగా ఉంది. అక్కడ కూర్చుంటే దాని ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచొచ్చు. కానీ భూపాలపల్లిలో, మా ఆయన బాయిలో ఉన్నప్పుడు, దాన్ని దవాఖానకు తీసుకుపోయే రోజున ఈ పెద్దాయన ఉండడు. యాడి ఉండదు. ఆ రోజు దాన్ని చూడకుండా నడపగలనా అన్నది ఈ రోజు తెలియాలి, ఇంతమంది ఉన్నప్పుడే.

"చాచా, నేను నడుపుతా. మీరు పక్కన కూసోండి."

ఆయన నన్ను, కారును, బిడ్డను చూశాడు. "పక్కన కూసున్నా కిరాయి అంతే బేటీ. భయానికి ఎక్కువ తీస్కోను."

రఘునాథపల్లి దాకా నేను రోడ్డును సరిగా చూడలేదు. లోపలి అద్దాన్ని కిందికి వంచి పెట్టుకున్నాను, అందులో బిడ్డ నుదురు, మూసుకుపోతున్న కళ్లు. ప్రతి క్షణం అటు చూసి, ఇటు చూసి. వెనక నుంచి ఒక లారీ హారను కొట్టి పక్కగా దూసుకుపోతే కారు ఊగింది. చాచా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదికి పోయి ఆగింది.

"అద్దం రోడ్డుకు పెట్టు బేటీ. అది బిడ్డకు కాదు."

"ఊపిరి తీస్తుందా యాడీ?" అని అడిగాను.

"తీస్తుంది. నువ్వు నడుపు."

అద్దం పైకెత్తాను. నుదురు జారిపోయింది, కళ్లు జారిపోయాయి. వాటి స్థానంలో వెనక నల్లటి రోడ్డు, ఎర్రబడ్డ ఆకాశం, దూరంగా రెండు దీపాలు వచ్చి నిలిచాయి. కాసేపు నా చెవులే కళ్లయ్యాయి. ప్లాస్టిక్ కవరు చప్పుడు, యాడి గాజుల చప్పుడు. మళ్లీ అడిగాను, తీస్తుందంది. ఇంకాసేపటికి అడిగితే, ఊఁ అంది. స్టేషన్ ఘనపూర్ దాటాక అడిగితే ఎవరూ పలకలేదు.

కాలు బ్రేకు మీదికి పోయింది.

చాచా మెడ తిప్పి వెనక్కి చూశాడు. గొంతు తగ్గించి, "అందరు పండుకున్నరు బేటీ," అన్నాడు. "నీ ఆయన గుడ. అమ్మ నోరు తెరిసి పండుకున్నది."

"పాప?"

"పాప గుడ."

ఎట్లా పడుకుంది, ఊపిరి ఎట్లా ఉంది, చెయ్యి పెట్టి చూడండి అని అడగబోయాను. మాటలు నోటిదాకా వచ్చాయి. ఆయన అప్పటికే ముందుకు తిరిగి కూర్చున్నాడు. బిడ్డను చూసేవాళ్లు ఎవరూ లేరు ఆ కారులో. అది పుట్టినప్పటి నుంచి అలాంటి క్షణం ఒక్కటీ లేదు. బ్రేకు మీది నుంచి కాలు తీశాను. రోడ్డు నా వైపు వస్తూనే ఉంది, మెత్తగా, పొలాల మీది పొగమంచులోంచి ఒక్కొక్క గీతే విప్పుకుంటూ, నేను దాన్నే చూస్తూ నడిపాను.